పీతల పెట్టె

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కేసరికి ఏడూ పది.
మోటారు సైకిళ్ళ మధ్య, బొండాల ఆటో పక్కన,
రెయిలింగుకి ఆనుకుని నేను.
చేతిలో తెల్ల థర్మాకోలు పెట్టె.
అవతల నర్సాపురం, అక్కణ్ణించి బస్సులో భీమవరం,
లిఫ్టు పనిచేయని ఆస్పత్రి, మూడో అంతస్తు.

"వయసు?" అంది నర్సు, మొదటి రోజు.
తొంభై ఆరు తుఫానుకి నాకు పధ్నాలుగేళ్ళు.
పెంకులు లేచిపోయిన ఆ రాత్రి
తమ్ముణ్ణీ చెల్లెళ్ళనీ మంచం కిందకి తోసి
మంచం ఎగిరిపోకుండా పైన నేను కూర్చున్నాను.
అలాగే కూర్చుండిపోయాను
వాళ్ళ ముగ్గురి పెళ్ళిళ్ళూ అయ్యేదాకా.
ఆమె కాగితం మీద గడి చిన్నది.
"నలభై మూడు. సర్టిఫికెట్లో నలభై ఒకటే."
"అండాలకి చదువు రాదమ్మా" అంది,
నవ్వుతూనే, రక్తం తీస్తూనే.

దింపు కూలీ కింద నిలబడే చెప్పేస్తాడు
చెట్టున ఎన్ని కాయలున్నాయో.
డాక్టరమ్మ తెర వంక చూసి చెప్పింది:
ఎడమ పక్క రెండు. కుడి పక్క ఒకటి.

పళ్ళంరాజు రొయ్యల చెరువుల మీద పనిచేస్తాడు.
లక్షల్లో సీడు లెక్కపెట్టి దింపించుకునే మనిషి
మూడు అనే అంకె దగ్గర నోరు మెదపలేదు.
రాత్రి కరెంటు పోయాక, చీకట్లో అన్నాడు:
"కాలవ ఆలస్యంగా వదిలిన ఏడు
ముదురు నారే నాటతారు కదా.
కుదురుకి రెండు మొక్కలెక్కువేస్తే పండుద్దంటారు."
"నేను మడిని కాను" అన్నాను.
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత సెల్లు లైటు వేసుకుని లేచి
బీరువాలో తన చొక్కాల కింద నుంచి
ఓ కాగితం తీసుకొచ్చి నా కాగితం పక్కన పెట్టాడు.
అందులోనూ అంకెలు తక్కువే.
తేదీ చూశాను. ఆరు నెలల కిందటిది.
ఆరు నెలలూ మా ఆడబిడ్డ నన్నే అంటూంటే
ఈ మనిషి అన్నం కలుపుకుంటూ విన్నాడు.
తిట్టాలనుకున్నాను. లైటు వెలుగులో
అతని చెయ్యి వణకడం చూసి ఊరుకున్నాను.
ఊరుకున్నానే గానీ మర్చిపోలేదు.

"రెండు డిగ్రీలు దాటి ఎనిమిది లోపు ఉండాలి,
వేడెక్కితే మందు నీళ్ళే" అన్నాడు మందుల షాపు కుర్రాడు.
నా గాజులు బ్యాంకులో పెడితే వచ్చిన నీళ్ళవి.
పాలకొల్లు దాటేసరికే ఐసు సగం కరిగింది.

సాయంత్రం పంటు మీద చేపల నూకరత్నం.
తట్ట ఖాళీ, అడుగున మిగిలిన ఐసు ముక్కలు.
"పెట్టెలో ఏంటే?"
"పీతలు" అన్నాను, నోటికొచ్చింది.
ఆమె నా వంక చూసింది. పెట్టె వంక చూసింది.
ప్రాణమున్న పీతని ఐసులో పెట్టరని
నలభై ఏళ్ళుగా చేపలమ్మే మనిషికి తెలీదా?
ఏమీ అనలేదు.
రెండు దోసిళ్ళ ఐసు తీసి పెట్టెలో పోసి
చీర చెంగుకి చేతులు తుడుచుకుంది.

పదకొండు రోజులు.
రాత్రి ఎనిమిదింటికి పొట్ట మీద నేనే పొడుచుకునేదాన్ని.
అట్టపెట్టెలకి నీచు వాసన.
పళ్ళంరాజు దూది పట్టుకుని
గోడ వైపు తిరిగి నిలబడేవాడు.
నాలుగో రోజు నుంచి ఇటు తిరిగాడు.

మూడింటిలో రెండు దొరికాయన్నారు.
రెండింటిలో ఒకటి నిలబడిందన్నారు.
దాన్ని నా లోపల పెట్టేటప్పుడు
తెర మీద చిన్న తెల్ల చుక్క చూపించారు.
రిపోర్టులో సున్నా పక్కనున్న చుక్క కంటే
అదేం పెద్దది కాదు.

ఇవాళ ఖాళీ చేతులతో పంటెక్కాను.
నూకరత్నం దూరం నుంచే చూసింది.
"పెట్టేదే?"
"పని అయిపోయింది పిన్నీ."
"మరి నీ పీతలు? బతికున్నాయా?"
గొంతు తగ్గించి అడిగింది, పక్కవాళ్ళకి వినపడకుండా.
"పద్నాలుగు రోజులాగితే గానీ తెలీదంట."

తట్ట జరిపి పక్కన చోటిచ్చింది.
"నిలబడకు. కూర్చో."
ఏటి మధ్యన పోటు ఎదురై
పంటు కాస్త పక్కకి పోయి, మళ్ళీ సర్దుకుంది.
నేను రెయిలింగు వదిలేసి కూర్చున్నాను.