కీచురాయి విప్పిన చొక్కా

మార్చిలో మా గ్వాంగ్‌జౌ గోడలకు చెమట పడుతుంది.
దక్షిణపు గాలి సముద్రాన్ని మోసుకొచ్చి
మెట్ల మీద పారబోస్తుంది.
ఆరేసిన బట్టలు మూడు రోజులైనా
ఆరామని ఒప్పుకోవు.
ఆ నెలలోనే సమ్‌యూత్ ఒళ్లు మళ్లీ మొదలెట్టింది.

చెరువులో విరిస్తే తామర.
నాలుగేళ్ల పిల్ల మోచేతి మడతలో విరిసినా
పేరు అదే.
పేరు పెట్టినవాడికి పిల్లలు లేరేమో.

రాత్రి రెండింటికి ఆ శబ్దం,
బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు.
దాని చేతులకు నా మేజోళ్లు తొడిగి
మణికట్టు దగ్గర రిబ్బన్ కట్టేవాణ్ణి.
తెల్లారేసరికి మేజోళ్లు మంచం కింద,
దుప్పటి మీద ఎర్రటి చుక్కలు.
నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ణి,
ఏ చక్రం ఎక్కడ అరిగిందో చెవితో చెప్పగలను.
ఈ ఒక్క శబ్దానికి
నా సంచీలో పనిముట్టు లేదు.

ఆసుపత్రి ట్యూబు రాస్తే తగ్గేది,
ఆపితే వడ్డీతో సహా తిరిగొచ్చేది.
ట్యూబంటే మా ఆవిడ ఫుంగ్‌యీకి భయం.
కషాయం పేరెత్తితే నాకు అనుమానం.
ఇద్దరి మధ్యలోంచి పోపో, మా అత్తగారు,
ఎవరినీ అడక్కుండా
పిల్లను చంకనేసుకుని బయల్దేరింది.
నేను వెనకాల గొడుగు పట్టుకుని.

చేపల బజారు వెనక సందులో
ఔయెంగ్ వైద్యురాలి కొట్టు.
నాలుక చూపించమంది.
మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి
పట్టాలకు చెవి పెట్టి రైలు వినేవాళ్లలా
కళ్లు మూసుకుంది.
“లోపల తేమ, తేమ కింద వేడి.
మూత పెట్టిన కుండ.”
వైద్యం తెలియకపోయినా ఆ మాట తెలిసింది.
ఆ నెల మా ఇల్లూ అలాగే ఉంది.

ఎండిన మొగ్గలు, పసుప్పచ్చటి వేరు ముక్కలు,
ఏదో చెట్టు బెరడు తూచి,
చివరి సొరుగులోంచి గుప్పెడు కీచురాళ్ల కుబుసాలు తీసింది.
వీపులు చీలి ఉన్నాయి, కాళ్లు మాత్రం
ఇంకా దేన్నో పట్టుకునే ఉన్నాయి.
“ఇవి దురదకు,” అంది.
“చొక్కా విప్పేసి ఎక్కడికెళ్లాయి?” అంది పిల్ల.
“పాడ్డానికి,” అంది ఆమె, పొట్లం మడుస్తూ.

మూడు గిన్నెల నీళ్లు ఒక గిన్నె అయ్యేదాకా కాచాం.
ఇల్లంతా వానలో తడిసిన కట్టెల వాసన.
ముందు నేను తాగాను.
నా మొహం చూసి అది పడీ పడీ నవ్వింది,
తన వంతు వచ్చాక
అంతా నా యూనిఫాం మీద ఉమ్మేసింది.

పదకొండో రోజు
పోపో తగ్గిందంది, ఫుంగ్‌యీ తగ్గలేదంది.
పన్నెండో రోజు జ్వరం.
మోచేతుల్లో తేనెరంగు చీము.

ఔయెంగ్ చూసిన వెంటనే
మా చేతిలోని పొట్లం లాక్కుంది.
“ఇది నా చేతిలోది కాదు. ఆసుపత్రికి. ఇప్పుడే.”
పోపో వాదించబోయింది.
ఆమె చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీదికెళ్లి
టాక్సీకి అడ్డంగా నిలబడింది.
ఆ రోజు నేను ఆవిణ్ణి నమ్మాను,
మందు ఇచ్చిన రోజు కాదు.

తర్వాత చాన్నాళ్లు
రెండు చీట్లూ ఫ్రిజ్ మీద ఒకే అయస్కాంతం కింద.
ఒకరు రాసింది ఇంకొకరికి చూపించి,
కొట్టేసింది కొట్టేసి,
ట్యూబు వేలి కొసంత,
కషాయం అరగిన్నె,
స్నానం అయ్యాక ఒంటికి మందంగా వెన్నలాంటి క్రీము.
ఏది పనిచేసిందో నాకు తెలియదు.
ఎండాకాలం కూడా ఒక చెయ్యి వేసిందేమో.

ఆగస్టులో ఒక రాత్రి రెండింటికి లేచాను.
శబ్దం లేదు.
అంతస్తుల మధ్య లిఫ్టు ఆగినప్పటి నిశ్శబ్దం.
భయపడి పరుగెత్తాను.
నిద్రపోతోంది, నోరు తెరుచుకుని.
దిండు పక్కన అగ్గిపెట్టెలో
బడి గోడ మీంచి ఒలుచుకొచ్చిన కుబుసం ఒకటి.
డాక్టరమ్మకు ఫీజట, పొద్దున చెప్పింది.

మోకాలి వెనక ఇంకా ఒక మచ్చ ఉంది,
చిల్లర నాణెమంత.
వంగి చూశాను.
నా వేలు దాని దాకా వెళ్లి
ఆగింది.