సున్న

మిర్యాలగూడ బైపాసు పక్క
మూతబడ్డ రైసుమిల్లు.
గోదాం గోడకు నియాన్ గొట్టాలతో
ఒక్కటే మాట పెట్టించింది ఆర్టిస్టు మేడం:

మంది

ఇంతేనా, అన్న.
ఇంతే, అన్నది.

వైరింగు నాది.
మూడు దినాలు ఊక ఎత్తిపోసి
గబ్బిలాలతోని తిట్లు తిని.

మొదటి రాత్రే సున్న మొరాయించింది.
వోల్టేజీ పడ్డప్పుడల్లా అదొక్కటే ఆరి

మది

మళ్ళ వెలిగి

మంది

నిచ్చెన ఎక్కబోతుంటే
ఈదమ్మ వచ్చింది,
ఇరవై ఏండ్లు ఈడనే చెరిగిన మనిషి.
అక్షరం రాదు.
సున్న వెలిగినంతసేపు
నెర్రెలల్ల గోరుతోని గీకి
ఒక వడ్లగింజ తీసి కొరికింది.

పచ్చిగనే ఉంది, అన్నది.
కరెంటు బిల్లెవరు కడ్తరు బిడ్డా?

టెస్టరు నా చేతులనే ఉండె.
సున్న ఆరింది.
ఆగిన.