చుక్క పెట్టిన ర

డండీలో మార్చి. టే నది మీద వంతెన
సగం దాకానే కనిపిస్తోంది, మిగతాది పొగమంచు తాగేసింది.
ఆఫీసు రేడియేటర్ మీద తడిసిన సాక్సులు ఆరేశాను.
ఎవరూ ఏమీ అనలేదు.

పని చిన్నదే. కౌన్సిల్ వాళ్ళ ఫారం, ఆరో ప్రశ్న:
చలికాలం మీ ఇల్లు వెచ్చగా ఉంచుకోగలుగుతున్నారా?
అవును. లేదు. చెప్పదలచుకోలేదు.
మూడు గుండ్రాలు, ఒక్కటే నిండాలి.

బ్రౌజర్ ఇచ్చే గుండ్రం మొద్దుగా ఉందంది ఏలీ.
ఆమె బొమ్మలో ఇరవై నాలుగు పిక్సెళ్ళు, నెమలికంఠం అంచు,
నొక్కగానే లోపల చుక్క పొంగాలి,
నూనెలో పూరీలా కాదు, పాల మీద మీగడలా.

అసలు బటన్‌ని మాయం చేశాను. రెండు మాటలు చాలు అందుకు.
దాని చోట నా చేత్తో గీసిన సున్న.
ఖాళీగా ఉంటే అది ర, తలకట్టు రాలిపోయిన ర.
నొక్కితే ఠ.
ఒకటో తరగతిలో ఠ రాయమంటే చుక్క మరిచిపోయి
తొడపాశం తిన్నవాణ్ణి,
ఇప్పుడు జీతానికి చుక్కలు పెడుతున్నాను.

మొదటిరోజు అవునూ వెలిగింది, లేదూ వెలిగింది.
ఇల్లు వెచ్చగానే ఉంది, లేదు కూడా.
తప్పు నాదే. మూడింటికీ ఒకే ఇంటిపేరు పెట్టాలి.
ఇంటిపేరు ఒకటైతేనే ఒకరు కూర్చుంటే ఇంకొకరు లేస్తారు,
వేరైతే ఎవరి కుర్చీ వాళ్ళదే.
(మా పెదనాన్నల పొలం తగాదాలో ఇది పనిచేయలేదు,
అది వేరే సంగతి.)

"అవును"లో ముందే చుక్క పెట్టి ఉంచమన్నాడు క్రెయిగ్,
జనం త్వరగా ముగిస్తారట.
అలా పెడితే తెల్లారేసరికి
డండీ అంతా వెచ్చగా ఉన్నట్టు తేలుతుంది.
పెట్టలేదు.

గురువారం పరీక్షించడానికి మోయిరా గెడ్డెస్ వచ్చింది.
అరవై మూడేళ్ళు. మౌస్ ముట్టుకోదు.
తెర ఆపేసి కూర్చుంటుంది, నాకెందుకు ఆ కరెంటు దండగ అని.
ట్యాబ్ నొక్కింది. ఐదో ప్రశ్న చదివింది యంత్రం.
మళ్ళీ నొక్కింది. ఏడు.
వెనక్కి వెళ్ళింది. ఐదు.
"ఆరు ఎక్కడ, నాయనా?"

నా తెర మీద ఆరు నెమలికంఠం రంగులో మెరుస్తూనే ఉంది.

టీ తాగుతూ వాళ్ళ నాన్న వాన్ సంగతి చెప్పింది.
అర్బ్రోత్ నుంచి చేపలు తెచ్చేవాడు.
రేడియోకి ఐదు మీటలు, ఒకటి లోపలికి పోతే
ఇంకొకటి టక్కున బయటికి దూకేది.
అప్పట్లో ఆవిడకి కాస్త చూపుండేది,
అయినా ఆ టక్కు గుర్తున్నది వేలికే.
"రెండూ ఒకేసారి నొక్కితే ఏమయ్యేదో తెలుసా?
చెంప మీద ఒకటి పడేది."

ఆ రాత్రి తిరగరాశాను.
అసలు బటన్‌ని వెనక్కి పిలిచి నా సున్న కింద పడుకోబెట్టాను,
కనపడదు, కానీ బతికే ఉంటుంది,
బాణం మీట దాన్ని తాకుతుంది, యంత్రం దాని పేరు పలుకుతుంది.
మీట వచ్చి నిలిచిన చోట మందంగా నల్లటి వలయం.
వలయం అందంగా లేదంది ఏలీ.
ఉండనీ అన్నాను.

శుక్రవారం. ట్యాబ్. ఆరు.
కింది బాణం, లేదు.
కింది బాణం, చెప్పదలచుకోలేదు.
పై బాణం, లేదు. అక్కడ వేలు ఆగింది.
పరీక్షే కదా, ఏది నొక్కినా ఒకటే.
"దీన్ని తీసేసి ఖాళీగా వదిలేయాలంటే?"

కుదరదని చెప్పాను. ఒకసారి పడ్డ చుక్క
పక్కింటికి మారుతుందే గాని,
మూడూ మళ్ళీ ర లు కావు.

ఆవిడ కోటు విప్పలేదని అప్పుడు చూశాను.
నిన్నా విప్పలేదు.

"అయితే ఉండనీ" అంది.
సాక్సులు తీసేసి
ఆవిడ కుర్చీని రేడియేటర్ దగ్గరికి జరిపాను.
ఏడో ప్రశ్న చదువుతోంది యంత్రం.