ఉన్న కట్టడం

ప్లాను గీసే కుర్రాడు హేమసుందర్
మా ఇంటినంతా ఏటవాలు గీతలతో నింపి
మధ్యలో రాశాడు: "ఉన్న కట్టడం".
కొత్తపేటలో తొంభై ఏళ్ళు నిలబడ్డందుకు
ఆ ఇంటికి దక్కిన బిరుదు.
పక్కన ఎర్రగీతల్లో, పది బై పదకొండు,
ఇంకా లేని గది.

ఆ గది కరుణకి. నా ఆడబిడ్డ.
పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీ.
వీధంతా పళ్ళు తోముకునే వేళకి వచ్చి
అరుగు మీద కూర్చుని బూట్లు విప్పుతుంది.
ఆ పది నిమిషాలూ పలకరించం.
వార్డులో ఎవరు మిగిలారో ఎవరు పోయారో
అరుగు దగ్గరే దింపుకుని లోపలికొస్తుంది.
తర్వాత నిద్ర. నడిమింట్లో, మా కాళ్ళ మధ్య,
ఉల్లిపాయల బండి మైకు కింద.
"నాకు చీకటి కావాలి వదినా" అంది ఒకసారి.
"ఇంకేం వద్దు."

చీకటికి పర్మిషన్ లేదట.
నేలలో పదో వంతు కిటికీ చూపించాలట.
"చూపిద్దాం మేడం, తర్వాత పరదా వేసుకోండి"
అన్నాడు హేమసుందర్, ఎర్రపెన్నుతో
ఆమె నిద్రలోకి వెలుతురు గీస్తూ.

సచివాలయంలో పిల్ల మర్యాదగానే అడిగింది,
పాత ఇంటికి అనుమతి కాగితం ఉందా అని.
ఉంది. మామగారి ట్రంకులో,
ఆయన బాప్తిస్మం సర్టిఫికెట్ కింద.
మడతల దగ్గర చిరిగింది కానీ సంతకం చెదరలేదు.
"కట్టుకొనుటకు అభ్యంతరము లేదు."
మూడే మాటలు.
ఇప్పుడు మా ఫైలు ముప్ఫై ఒక్క పేజీలు,
ఒక్కదానిలోనూ ఆ మూడు మాటలు లేవు.

మేస్త్రి ఆదాం వచ్చి
గోడని మేకుతో గీరాడు. సున్నం రాలింది.
వేళ్ళ మధ్య నలిపాడు, వాసన చూశాడు,
ఎవరి పనో గుర్తుపట్టినట్టు తలాడించాడు.
"ఇది పైకేం మోయదమ్మా.
తనని తాను మోసుకుంటోంది, అదే చాలు."
కాబట్టి నాలుగు పిల్లర్లు పక్కనుంచి లేవాలి,
పాతదాన్ని ముట్టుకోకుండా,
చుట్టాల పెళ్ళిలో ఎడం జరిగి నిలబడ్డవాళ్ళలా.

పాత క్యాలెండరు వెనక లెక్క రాశాడు:
ఇనుము. సిమెంటు. సెంట్రింగు. మెట్లు, బాత్రూము.
ఇసుక దగ్గర పెన్ను ఆపి
"ఇది ఇవాళ్టి రేటు, రేపటికి నా పూచీ లేదు."
మొత్తం ఆరు లక్షల ఎనభై వేలు.
ఫీజులు వేరు. హేమసుందర్ వేరు.
ఫైలు టేబుల్ మారినప్పుడల్లా
ఎవరూ పేరు పెట్టనిది ఇంకొకటి వేరు.
మా ఆయన చీటీ పాట గురించి ఆలోచిస్తూ
క్యాలెండరు తిప్పి చూశాడు.
ఆగస్టు నెల. ఆదివారాలు ఎర్రగా.

అన్నీ అయ్యాక, లేచి వెళ్ళబోతుంటే
ఆ పిల్లే మళ్ళీ పిలిచింది.
మాస్టర్ ప్లానులో మా వీధి వెడల్పవుతుందట.
ఎప్పుడో తెలియదు. కానీ ముందుగా
ముందువైపు ఆరడుగులు రాసిచ్చేస్తేనే
వెనకవైపు గదికి సంతకం.
డబ్బేం రాదు. రిజిస్ట్రేషన్ మాత్రం మాదే.
ఆ కాగితం పేరు దానపత్రం.

ఆరడుగులు. ఇంటికొచ్చి టేపు పట్టాం.
అరుగు ఐదడుగుల పది అంగుళాలు.
మిగతా రెండంగుళాలు గడప.

కరుణకి చెప్పాం. బూట్ల లేసు చేతిలో పట్టుకుని
చాలాసేపు రోడ్డు వైపు చూసింది.
"అయితే ఎక్కడ విప్పుకోవాలి?" అంది,
చిన్న సందేహం అడిగినట్టు.
మా ఆయన టేపు చుట్టేశాడు.
అది చర్రున లోపలికి పోయిన చప్పుడు.

ఫైలు ఇంకా నడుస్తోంది. ఇసుక పెరిగింది.
హేమసుందర్ ఫోన్ చేసి
దానపత్రం సంగతేంటంటాడు, నేను
చర్చికి వెళ్తున్నానంటాను, మంగళవారం నాడు కూడా.
నడిమింటి కిటికీకి నల్ల పెట్టీకోటు గుడ్డ
మేకులు కొట్టి బిగించాను.
కుక్కరు మూడో కూతకి ముందే దించేస్తున్నాను.
పప్పు కొంచెం పలుకుగానే ఉంటోంది.
ఎవరూ ఏమీ అనడం లేదు.