ఏడో బోరు

సినిమాకి భయం కథ కావాలంటివి గదా సారూ,
మా సుంకమ్మ జేజి కథ ఒకటుండాది.
శెనక్కాయలు ఒలిచే రాత్రుల్లో చెప్తాండె.
మా చేతులు ఆగితే
కథా ఆపేస్తాండె.

కళ్యాణదుర్గం దావలో కుళ్ళాయప్ప చేను.
ఆరు బోర్లు ఏపిచ్చినాడు, ఆరూ దుమ్మే.
ఏడోది ఎనిమిదొందల అడుగుల కాడ
దుమ్ము నిల్చిపాయ.
గొట్టంలోంచి సల్లగాలి,
ఎవురో ఊపిరి ఇడిసినట్ల.

"నాయనా, దప్పి" అనిందంట.

ఒక బిందె పోసినాడు.
మర్నాడు రెండు.
ట్యాంకరు కాడ కొట్లాడి తెచ్చిన నీళ్ళు,
ఎనుముల తొట్లో నీళ్ళు,
బిడ్డకి కాంచి సల్లార్చిన నీళ్ళు.
పోస్తాన్నంతసేపూ లోపల గుటకలు.

ఆరున్నర అంగుళాల గొట్టం సారూ,
మనిషి పట్టడు.
అయినా తెల్లారేసరికి
కుళ్ళాయప్ప చెప్పులొక్కటే ఉండాయి,
వాన మొగమెరగని చేన్లో
తడిసి.

నువ్వు తీసేటప్పుడు దయ్యాన్ని సూపియ్యాకు.
తెల్లసీర వద్దు, గజ్జెలు వద్దు.
గొట్టం మింద పెట్టిన నాపరాయిని సూపియ్యి,
పక్కన సొట్టబోయిన బిందె.
లోపలికి ఒక గులకరాయి ఎయ్యి.
అది తగిలిన సద్దు మటుకు పెట్టాకు.
హాలంతా చెవులొగ్గి కూచుంటాది,
ఇంటికి పోయినాంక గూడా.

పోదామా, చూపిస్తా పా.
ఆ నీళ్ళసీసా జీపులోనే పెట్టు సారూ.
మూత తిప్పినా
దానికి ఇనపడతాది.