వేడి చేసింది

గిరింపేట షబ్బీర్ మెడికల్స్ ముందు
బండి నీడలో నిలిపి బ్యాగు దించుతాను.
ఈ నీలం చొక్కా వేసుకున్న రోజే
చెంగల్రాయులు డాక్టరు మొదటిసారి నా మాత్ర రాశాడని
మూడేళ్లుగా ప్రతి గురువారం ఇదే చొక్కా.
కాలరు చీకిపోతే తిప్పి కుట్టించుకున్నాను.
ఆయన రాయని గురువారాలు
నా డైరీలో లేవు.
వాటికి పేజీ ఇవ్వలేదు నేను.

నిన్న షబ్బీర్ భాయ్ ఒక చీటీ తీసి చూపించాడు.
పోటీ కంపెనీ మందు పేరు,
నేనిచ్చిన పెన్నుతో,
చిత్తూరులో ఇంకెవరి దగ్గరా లేని ఆ చిలకపచ్చ సిరాతో.
"చూసినావా మునిరత్నం?" అన్నాడు.
పెన్నయితే ఇంకా జేబులోనే పెట్టుకున్నాడు కదా భాయ్, అన్నాను.
నిజంగానే సంతోషపడ్డాను,
ఇంటికి చేరేదాకా.

వెయ్యిమందిలో ఒకరికి దద్దుర్లు రావచ్చు.
బ్రోచరు అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.
ఆ వరుస మీద బొటనవేలు ఆనించి
మిగతాదంతా గడగడా చెప్పడం
ట్రైనింగులో ఎవరూ నేర్పలేదు.
వేలే నేర్చుకుంది.

బంగారుపాళ్యం తోట కాపలా మనిషి వచ్చాడు,
మోచేతుల దాకా ఎర్రగా.
మామిడికాలం కదన్నా, వేడి చేసుంటాది, అన్నాను.
యాదమరి టీచరమ్మకు మెడ మీద.
ఎండుచేపలు తింటిరేమో మేడం.
గుడిపాల బస్సు కండక్టరుకు వీపంతా.
ఖాకీ రాపిడి, ఇంకేముంది.
ముగ్గురూ నా మాత్ర మింగినోళ్లే.
ముగ్గురివీ మూడు కారణాలు,
అప్పటికప్పుడు, తడుముకోకుండా.
అబద్ధమని ఒక్కసారీ అనిపించలేదు.
అబద్ధమైతే గొంతు కాస్త వణికేది.

శాంపిళ్లు వృథా పోకూడదని
మా ఆవిడ సెల్వికి బీపీకి నేనే ఇస్తున్నాను, నాలుగు వారాలుగా.
రాత్రి అన్నం వడ్డిస్తూ
గాజులు పైకి జరిపి చూపించింది.
మణికట్టు చుట్టూ
ఎర్రగా, ఇంకో వరుస గాజుల్లాగా.

బయట మార్గశిరం ముసురు.
వేడి అందామంటే ఒళ్లు జివ్వుమంటోంది.
మామిడికాయ అన్నది ఊళ్లో ఎక్కడా లేదు,
మా అలమరలో జాడీలో తప్ప.
నా కళ్లు ముందే జాడీ దగ్గరికి పోయాయి,
వెనకనే నోరు.
"ఊరగాయ తగ్గించు మే."

ఆమె ఏమీ అనలేదు.
చెయ్యి కడుక్కుని వచ్చి
శాంపిలు డబ్బాలోని మడత కాగితం విప్పి
ట్యూబులైటు కిందికి జరిగి
చీమ తలకాయల కింద గోరు పెట్టి
ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ
పైకి చదవడం మొదలుపెట్టింది.

కొక్కేనికి నీలం చొక్కా.
రేపు గురువారం.