స్టోరు రిజిస్టరు

కొమ్మాది దాటాక, కొండని సగం కోసేసిన చోట
ఐదంతస్తులు లేపాం.
పైనించి సముద్రం కనిపిస్తుందని కాగితాల్లో రాశారు.
నేనెక్కి చూళ్ళేదు.
నా ఉద్యోగం కింద, రేకుల గదిలో.
మేకులు తూచడం, సిమెంటు బస్తాలు లెక్కెట్టడం,
ఇచ్చిన ప్రతిదానికీ వేలిముద్ర తీసుకోవడం.

గదిలో ఎడంవైపు గోడకి
పన్నెండు నడుంబెల్టులు.
కొన్ననాటి ప్లాస్టిక్ కవర్లలోనే ఉన్నాయి.
ఎవరైనా తనిఖీకొస్తే తీస్తాం,
పన్నెండుమందిని నిలబెట్టి ఫోటో,
మళ్ళీ మడిచి పెట్టేస్తాం.
మాసిపోతే ఎవడు కొంటాడంటాడు కాంట్రాక్టరు.

తాళంచెవి నా మొలతాడుకి కట్టుకుంటాను.
జారి ఇసకలో పడితే దొరకదు కదా.

తవిటయ్యది మందస వైపు ఊరు.
వాడి ముందు ముగ్గురు పురిట్లోనే పోతే
నాలుగోవాణ్ణి చేటలో పెట్టి
పొరుగింటావిడకి చేరెడు తవుడుకి అమ్మేసి
మర్నాడు అదే తవుడిచ్చి కొనుక్కుందట తల్లి,
చావు కళ్ళు గప్పడానికి.
"నా కరీదు సేరెడు తవుడు బావూ" అని నవ్వేవాడు
సరుగుడు కర్రలకి కొబ్బరితాడు బిగిస్తూ.
పళ్ళ మధ్య తాడు కొస,
కాళ్ళ కింద ఒక్క పలక.
మూడుండాలి అక్కడ.
మిగతా రెండూ పక్క సైటుకి పోయాయి,
చలానా రాసింది నేనే.

ఒక్కసారడిగాడు.
వైశాఖంలో, గాలివానకి ముందు రోజు.
"పైన గాలి తోసెస్తంది. ఆ బెల్టొకటిత్తావేటి?"
సారు చెప్పాలన్నాను.
సారు ఆనందపురం వెళ్ళారన్నాను.
చెయ్యి మాత్రం మొల మీదే ఉంది.
మళ్ళీ అడగలేదు.

పడ్డప్పుడు నేను సుత్తులు లెక్కెడుతున్నాను.
లారీవాడు ఇసక దింపాడనుకున్నాను.
తర్వాత, ఎవరూ మాట్లాడకపోవడం వినిపించింది.

ఆటో వచ్చేలోగా
"బెల్టు తే" అన్నాడు కాంట్రాక్టరు.
రోజూ మొరాయించే తాళం
ఒక్క తిప్పుకే ఊడింది.
కవరు చర్రున చిరిగింది,
పెళ్ళిచీర కవరులా.
నడుం కింద దూర్చి బిగిస్తుంటే
తవిటయ్య మూలిగాడు.
అతను బెల్టు కట్టుకున్నది అదొక్కసారే,
నేల మీద.

కేజీహెచ్‌లో కత్తెరతో కోసి తీశారట దాన్ని,
అతన్ని కదపకూడదని.
ఇప్పుడు గోడకి పదకొండు.

"నిన్నటి తారీకేసి రాయి."
రాశాను. బెల్టు, ఒకటి, తవిటయ్య.
భోజనానికి వెళ్ళొచ్చేసరికి
ఖాళీ గడిలో వేలిముద్ర పడుంది.
ఎవరి వేలో చూళ్ళేదు.
అడిగితే అదే చెప్తాను.
ఎవరూ అడగలేదింకా.

నాలుగోనాడు అతని భార్య అసిరమ్మ వచ్చింది.
నాతో ఏమీ అనలేదు. వంగి వెతికింది.
కర్రెక్కేముందు వేళ్ళకి పట్టు దొరకాలని
చెప్పులు ఇసకగుట్ట పక్కన విడిచేవాడు.
ఒకటి అక్కడే ఉంది.
రెండోది కుక్క లాక్కుపోయి మెట్ల కింద పడేసింది.
రెండూ కొంగుతో తుడిచి
"రాసుకుంతావా బావూ?" అంది.
ఈ సైటులో ఏది కదిలినా రాయాలని
వాడే చెప్పుంటాడు.

రాశాను.
చెప్పులు, ఒక జత. నీలం పట్టీలు.
కుడిదానికి బైండింగు తీగతో కుట్టు.
ఆమె వేలు నొక్కింది. సిరా సగమే అంటింది.
"కాళ్ళు కదపట్లేదు, అయినా ఉండనీ" అంటూ
సంచీలో పెట్టుకుని
హైవే వైపు నడిచింది.

ఇవాళ పొద్దున్న బరంపురం నించి ముగ్గురు దిగారు.
పెద్దవాడు కింది ముడి లాగి చూశాడు,
పైకి ఐదంతస్తులూ చూశాడు,
తర్వాత నా వైపు.
వాడి భాష నాకు రాదు.
తాళంచెవి మొలతాడుకే ఉంది.
చెమటకి దాని తుప్పు
తొడ మీద తాళంచెవి ఆకారంలోనే అంటుకుంది.
రాత్రి సున్నిపిండితో రుద్దాను.
పోలేదు.